వెనక కాళ్ళు పడిపోయిన కుక్కకి ఇల్లు కావాలి (మల్కాజిగిరి), అక్టోబరు ఆఖరు లోపు

విభాగం: పెంపుడు జంతువులు › ఇల్లు కావాలి

మల్లెతీగ (మల్కాజిగిరి)
24 ఆగస్టు 2025, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ మూడేళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా బూరెకి ఒక ఇల్లు కావాలి. ఆడకుక్క, మన వీధి కుక్కే, మూడేళ్ళుంటాయి. పోయిన డిసెంబర్లో మా సందు మలుపులో ఏదో బండి గుద్దేసి పోయింది. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి మా గేటు దగ్గర పడుకుంది. నడుం దగ్గర వెన్ను విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఇక వెనక కాళ్ళు రావన్నారు. అప్పటి నుంచీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఓనర్లు ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. అక్టోబరు ఆఖరుకి ఖాళీ చేయాలి. మాకు దొరికిన ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పైగా నాకు నైట్ షిఫ్ట్ వేస్తున్నారు. మంచి మనసున్న వాళ్ళు ఎవరైనా ఈ మూగజీవాన్ని ఆదుకోండి. దాని కళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. ఫోటోలు పెడుతున్నాను.

విశాఖ కెరటం
24 ఆగస్టు, రాత్రి 11:05

అయ్యో తల్లీ. ఏం కళ్ళండీ అవి. షేర్ చేశాను.

చింతచెట్టు
24 ఆగస్టు, రాత్రి 11:20

షేర్డ్. దేవుడు చల్లగా చూడాలి.

నిక్కచ్చి
25 ఆగస్టు, ఉదయం 7:15

తిట్టుకుంటారని తెలిసే రాస్తున్నా. తొమ్మిది నెలలుగా కాళ్ళు ఈడుస్తూ బతికేది ఒక బతుకా? ప్రాణం పోయే ఇంజెక్షన్ చేయిస్తే దానికీ సుఖం, మీకూ సుఖం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాడిని కుక్కలు కరిచి చంపిన సంగతి అప్పుడే మరిచిపోయారా? అందుకే కదా సుప్రీంకోర్టు వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది.

సూదిమందు (గన్నవరం)
25 ఆగస్టు, ఉదయం 8:02

నిక్కచ్చి గారూ, వెటర్నరీ ఫైనలియర్ కుర్రాణ్ణి, తెలిసినంత చెప్తా. అంబర్‌పేట సంగతి ఎవరూ మరిచిపోలేదు, ఎవరూ సమర్థించరు కూడా. కానీ కోర్టు సంగతి మీరు సగమే చెప్పారు. ఆగస్టు 11 నాటి ఆర్డరు ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి. 22న, అంటే మొన్న శుక్రవారం, దాన్ని మార్చారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అయ్యాక పట్టుకున్న చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప. అయినా బూరె ఇప్పుడు వీధిలో లేదు, ఒకరి ఇంట్లో ఉంది.

ఇంజెక్షన్ గురించి అడగడం తప్పేమీ కాదు. మా క్లినిక్‌కి అలాంటి కేసులు వస్తాయి. నొప్పి అదుపులోకి రాకపోతే, తిండి మానేస్తే, పుండ్లు మానకపోతే మేమే ఆ మాట ఎత్తుతాం. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్‌లో కూడా ఆ దారి ఉంది, నయం కాని జబ్బుకీ ప్రాణం మీదికొచ్చిన గాయానికీ, అదీ స్థానిక కమిటీ వేసిన బృందం చూసి తేల్చాక. కాళ్ళు రానంత మాత్రాన ఆ లెక్కలోకి రాదు.

మల్లెతీగ అక్కా, కొన్ని ప్రశ్నలు. తింటోందా? తోక దగ్గర, వేళ్ళ దగ్గర గట్టిగా గిల్లితే తిరిగి చూస్తుందా? మూత్రం దానంతటదే కారుతోందా, మీరు నొక్కి తీస్తున్నారా? నొక్కితే తేలిగ్గా వస్తుందా, బిగుసుకుపోయి ఉంటుందా?

మల్లెతీగ
25 ఆగస్టు, రాత్రి 9:48

నిక్కచ్చి గారూ, మొదటి నెలలో నేనూ ఒకసారి అలాగే అనుకుని డాక్టర్ని అడిగాను. ఆ రోజు అది డాక్టరు గారి చెప్పు నోట కరుచుకుని టేబుల్ కిందికి పోయింది. ఆయన నవ్వి, మరో నెల చూద్దామన్నారు.

తమ్ముడూ, బ్రహ్మాండంగా తింటుంది. గిల్లితే అసలు తెలియదు. మూత్రం నేనే తీస్తాను, రోజుకి మూడుసార్లు. మొదట్లో రాయిలా ఉండేది, ఇప్పుడు చెయ్యి అలవాటైంది. దొడ్డికి మాత్రం దానికే వస్తుంది, ఎక్కడ పడితే అక్కడ.

మూడుకాళ్ళ చుక్క (హనుమకొండ)
25 ఆగస్టు, రాత్రి 10:30

చెల్లీ, ఏమీ అనుకోకు, నీ ప్రకటన తప్పు. ఇందులో బూరె లేదు, నీ బాధే ఉంది.

మా చుక్కకి ముందు కాలు లేదు. దాన్ని నేను తెచ్చుకునే ముందు ఆరు నెలలపాటు "పాపం, మూగజీవం" అని ప్రకటన తిరిగింది. అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు, ఒక్కళ్ళూ రాలేదు. జాలి పడ్డవాడు షేర్ నొక్కితే వాడి జాలి అక్కడికి తీరిపోతుంది. నువ్వు రోజూ చేసే పని రాయి. ఎన్నింటికి లేస్తావు, ఏం తీస్తావు, ఎంత తుడుస్తావు, నెలకి ఎంత అవుతుంది. వినేవాడు పారిపోతాడన్న భయం వద్దు. పారిపోయేవాడు ఇప్పుడే పోతే నీకు పెట్రోలు ఖర్చు మిగులుతుంది.

ఆ ఎక్స్‌రే ఫోటో కూడా తీసేయి. డాక్టరుకి చూపించాల్సింది అది. బూరె ఆడుకునే వీడియో ఉంటే పెట్టు.

నిక్కచ్చి
25 ఆగస్టు, రాత్రి 10:51

నా అభిప్రాయం నాది. డబ్బూ టైమూ ఉన్నవాళ్ళ వేషాలు ఇవన్నీ.

నిర్వాహకుడు
25 ఆగస్టు, రాత్రి 11:10

నిక్కచ్చి గారు చెప్పాల్సింది చెప్పేశారు. వీధి కుక్కల మీద వాదనకి వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్ళండి. ఇది బూరె ఇంటి సంగతి.

మల్లెతీగ
28 ఆగస్టు, ఉదయం 11:30

చవితి పనుల్లో పడి ఆలస్యమైంది. చుక్క వాళ్ళ అక్క చెప్పినట్టు మళ్ళీ రాస్తున్నాను.

బూరె, 16 కిలోలు. గర్భసంచి ఆపరేషన్ అయింది. యాంటీ రేబిస్, నైన్ ఇన్ వన్ వేయించాను, కార్డు ఉంది. మనుషులంటే ఇష్టం. పిల్లులంటే పడదు, తరుముతుంది (అవును, ఈ కాళ్ళతోనే).

పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ఈ మూడు వేళలకి మూత్రం తీయాలి. బాత్రూంలో జాలీ దగ్గర దాన్ని నిలబెట్టి, నా రెండు మోకాళ్ళ మధ్య నడుం ఆనించుకుంటాను. వెనక కాళ్ళకి కాస్త ముందు, పొట్టని రెండు పక్కల నుంచీ అరచేతులతో పట్టుకోవాలి. లోపల పాల ప్యాకెట్ లాంటిది తగులుతుంది. అదే సంచి. వేళ్ళతో పొడవకూడదు. అరచేతుల్తో మెల్లగా, వదలకుండా, తోక వైపుకి నొక్కాలి. మొదట రెండు చుక్కలు, తర్వాత ధార. ధార ఆగాక ఒక్క క్షణం ఆగి మళ్ళీ నొక్కితే ఇంకొంచెం వస్తుంది. ఆ ఇంకొంచెం వదిలేస్తేనే ఇన్ఫెక్షన్. జనవరిలో ఒకసారి అలాగే వదిలేశాను, వాసన మారి, చిక్కగా, కాస్త ఎరుపుగా వచ్చింది. పది రోజులు మందులు వాడాల్సి వచ్చింది.

గచ్చు మీద పాకితే కాళ్ళ మీద తోలు లేచిపోతుంది కాబట్టి బయటికి తెచ్చేటప్పుడు పిల్లల సాక్సులు తొడుగుతాను. పరుపు మెత్తగా ఉండాలి, పైన రెక్సిన్ ఉంటే తుడవడం తేలిక. వానాకాలంలో రోజూ కింద భాగమంతా తిప్పి చూడాలి. చిన్న పుండు మీద ఈగ వాలినా రెండు రోజుల్లో పురుగు పడుతుంది.

తిండి: అన్నం, కోడి మెడలు, గుమ్మడికాయ ముక్క, సాయంత్రం పెరుగన్నం. లావెక్కనివ్వకూడదు, ఎత్తేది మనమే కదా. నెలకి అన్నీ కలిపి మూడు వేల దాకా అవుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చిన నెల ఇంకా ఎక్కువ.

నడవడానికి చక్రాల బండి ఉంది. మా ప్లంబరు పీవీసీ పైపులతో చేసిపెట్టాడు, వెనక చిన్నపిల్లల సైకిలు చక్రాలు. పొట్ట తగిలే చోట ఏసీ పైపుకి చుట్టే నల్ల ఫోమ్. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కడతాను. అందులో ఉన్నంతసేపూ పడుకోలేదు కాబట్టి అంతకు మించి ఉంచను.

కింద వీడియో. బండి కట్టగానే పాలవాడి స్కూటర్ని తరిమేది అదే.

డాలస్ బావ
29 ఆగస్టు, ఉదయం 6:40

చెల్లాయ్, వీడియో మా పిల్లలకి చూపించా. రాత్రి నుంచీ ఒకటే గోల, బూరె కావాలట. ఇంటి వెనక పచ్చిక ఉంది, నేను ఇంటి నుంచే పని చేస్తాను. టికెట్టు ఖర్చు నాది. పంపించే ఏర్పాటు ఎలాగో చెప్పండి.

విశాఖ కెరటం
29 ఆగస్టు, ఉదయం 7:00

బూరె అమెరికా అమ్మాయి అయిపోయింది!!

సూదిమందు
29 ఆగస్టు, ఉదయం 8:20

బావగారూ, ఉత్సాహం చల్లార్చాలని కాదు గానీ. పోయినేడు ఆగస్టు 1 నుంచి అమెరికాలో రూల్సు మారాయి. కుక్కల రేబిస్ విషయంలో మన దేశం వాళ్ళ హైరిస్క్ లిస్టులో ఉంది. మైక్రోచిప్ ఉండాలి, చిప్ వేశాకే రేబిస్ టీకా. మొదటి టీకా అయిన నెలకి రక్తం తీసి వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌లో టైటర్ పరీక్ష (టీకా పట్టిందో లేదో చూసేది), ఆ తర్వాత ఇంకో 28 రోజులు ఆగాలి. దిగాక వాళ్ళ దగ్గర రిజిస్టరైన కేంద్రంలో ముందే బుక్ చేసుకుని చూపించాలి. ఇక్కడ మన క్వారంటైన్ ఆఫీసు సర్టిఫికెట్ వేరే. అక్కకి ఉన్నది రెండు నెలలు.

కాగితాలన్నీ అయ్యాయనే అనుకుందాం. హైదరాబాద్ నుంచి డాలస్ ఇరవై గంటల పైమాటే. కార్గోలో పెట్టెలో ఉంటుంది. మధ్యలో మూత్రం ఎవరు తీస్తారు?

డాలస్ బావ
29 ఆగస్టు, సాయంత్రం 6:15

ఆ ఆఖరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పిల్లలకి చెప్పాను. చిన్నది ఏడ్చి, "అయితే కొత్త బండి కొని పంపుదాం నాన్నా" అంది. పైపుల బండి బావుంది గానీ కొలతలు పంపితే అసలుది చేయిస్తా. నెలనెలా డబ్బు కూడా ఇస్తాను. పెంచుకునేవాళ్ళకి నెలకి ఐదు వేలు ఇస్తామని ప్రకటనలో వేయండి.

మూడుకాళ్ళ చుక్క
29 ఆగస్టు, రాత్రి 9:30

బావగారూ, మనసు మంచిది, ఆ మాట మాత్రం ప్రకటనలో వద్దు. ఐదు వేలంటే ఐదు వేల కోసం వస్తారు. ఇల్లు కుదిరాక మందుల షాపుకి నేరుగా కట్టండి, పరుపు కొనివ్వండి.

బండికి కొలతలంటే నేల నుంచి పొట్ట దాకా ఎత్తు, తుంటి దగ్గర వెడల్పు, భుజం నుంచి తోక మొదలు దాకా పొడవు. దాన్ని ఎవరైనా నిలబెట్టి పట్టుకుంటే కొలవాలి, పడుకున్నప్పుడు కొలిస్తే తప్పొస్తుంది. మా పక్కింటివాళ్ళు అలాగే చేసి రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నారు.

అపార్ట్‌మెంట్ అనంతం
30 ఆగస్టు, మధ్యాహ్నం 1:10

కొత్త ఇంట్లో అసోసియేషన్ ఒప్పుకోకపోతే భయపడకండి మేడమ్. 2015లోనే యానిమల్ వెల్ఫేర్ బోర్డు స్పష్టంగా చెప్పింది, పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని. లిఫ్టులో కూడా ఆపకూడదు.

మల్లెతీగ
30 ఆగస్టు, రాత్రి 10:05

అనంతం గారూ, లిఫ్టే లేదండీ 🙂 వాళ్ళు వద్దనడం లేదు, మెట్లే వద్దంటున్నాయి.

మల్లెతీగ
14 సెప్టెంబరు, రాత్రి 11:20

రెండు వారాల కబురు. ఫోన్లు పదకొండు వచ్చాయి. తొమ్మిది మంది "ఇంకో ఫోటో పంపండి" అన్నారు. పంపాను. తర్వాత మాట లేదు.

ఒకాయన ఫార్మ్‌హౌస్ ఉందన్నారు, ఆదివారం వెళ్ళి చూశాను. మామిడి తోట, చల్లటి గాలి, అంతా బావుంది. కుక్కని ఎక్కడ ఉంచుతారంటే షెడ్డు చూపించారు. సిమెంటు గచ్చు, గోడకి గొలుసు. రాత్రి ఎవరుంటారని అడిగితే "ఎవరూ ఉండరు, అందుకే కదా కుక్క" అన్నారు. నా ప్రకటనలో వెనక కాళ్ళు అన్న ముక్క ఆయన చదవనే లేదు. అరుస్తుందా లేదా అన్నదే ఆయనకి కావాలి.

ఇంకో అమ్మాయి నిజంగా వచ్చింది, రెండు గంటలు కూర్చుంది, బూరె ఆమె ఒళ్ళో తల పెట్టింది. మధ్యాహ్నం మూత్రం తీస్తుంటే చూసి, "రేపు ఫోన్ చేస్తా అక్కా" అంది. చేయలేదు. ఆ అమ్మాయి మీద కోపం లేదు గానీ ఆ రాత్రి చాలా ఏడ్చాను.

షెల్టర్లకీ ఫోన్ చేశాను. గాయమైతే తీసుకురండి, చికిత్స చేస్తాం, జీవితాంతం ఉంచుకోవడానికి జాగా లేదన్నారు. నిజమే, ఒక్కో మనిషి అన్ని కుక్కల్ని చూస్తూ దీనికి మూడు పూటలా గంట కొట్టినట్టు ఎలా తీస్తారు.

విశాఖ కెరటం
15 సెప్టెంబరు, ఉదయం 6:50

మా ఊళ్ళో మా పిన్నిని అడుగుతాను అక్కా, వాళ్ళది సొంతిల్లు. రైల్లో తేవచ్చా?

సూదిమందు
15 సెప్టెంబరు, ఉదయం 9:00

ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మనదే అయితే వెంట తెచ్చుకోవచ్చు. లేదంటే గార్డు బోగీలో కుక్కల పెట్టె, పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. బూరెని ఆ పెట్టెలో వేయొద్దు. కారే నయం, మధ్యలో ఆగి తీయొచ్చు.

విశాఖ కెరటం
17 సెప్టెంబరు, రాత్రి 8:12

పిన్ని కుదరదంది. క్షమించండి.

జనగామ డిపో
21 సెప్టెంబరు, ఉదయం 5:35

నమస్తే అమ్మా. నేను ఈ సైట్లో వ్యవసాయం విభాగం చదువుతాను, మా అబ్బాయి మీ ప్రకటన చూపించిండు. కొన్ని అడుగుతా.

ఒక్కసారి మూత్రం తీయడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? రాత్రి పదింటిది తొమ్మిదిన్నరకు జరిపితే పొద్దున ఆరు దాకా ఆగుతుందా? తీసేటప్పుడు తలుపు మూయాలా, మనుషులు చూస్తుంటే బిగపడుతుందా? నాకు కుడి చేతి బొటనవేలు సరిగా వంగదు, అరచేత్తో సరిపోతుందా?

మల్లెతీగ
21 సెప్టెంబరు, ఉదయం 7:02

బాబాయ్ గారూ నమస్తే. మూడు నాలుగు నిమిషాలు. ఎనిమిది తొమ్మిది గంటలు ఆగుతుంది, పన్నెండు దాటకూడదు. తలుపు మూయక్కర్లేదు గానీ కుక్కర్ విజిల్ వేస్తే బిగపట్టేస్తుంది. అరచెయ్యే కావాలి, బొటనవేలితో పనే లేదు.

ఇన్ని రోజుల్లో ఈ ప్రశ్నలు అడిగింది మీరొక్కరే.

జనగామ డిపో
21 సెప్టెంబరు, ఉదయం 7:40

ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై ఏండ్లు చేసి రిటైరైన. మా అమ్మ మూడేండ్లు మంచంలో ఉండె. మా ఇంటామె, నేను వంతులేసుకుని పక్కకు తిప్పేది, తుడిచేది. ఒక్క పుండు పడనియ్యలే. అమ్మ పోయి ఏడాదైంది. మా ఇంటామెకు ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తది. ఆమెనే అడగమన్నది.

ఇల్లు కిందిదే. వాకిలి మట్టిది, వంటింట్లో గచ్చు.

మూడుకాళ్ళ చుక్క
21 సెప్టెంబరు, ఉదయం 8:15

చెల్లీ, వెంటనే ఇచ్చెయ్యకు, ఆగు. ముందు వాళ్ళని నీ దగ్గరికి రప్పించు, వాళ్ళ చేత్తో మూడు పూటలూ తీయించు. ఆ తర్వాత పదిహేను రోజులు వాళ్ళింట్లో, కుదరకపోతే తిరిగి తెచ్చుకుంటానని కాగితం మీద రాసుకోండి. జనగామ నాకు గంట దారి, మధ్యలో నేను వెళ్ళి చూసొస్తాను. బాబాయ్, మీమీద అనుమానంతో కాదు, అందరికీ ఇదే చెప్తాను.

జనగామ డిపో
21 సెప్టెంబరు, ఉదయం 8:30

చెకింగ్ అలవాటే బిడ్డా. రా.

మల్లెతీగ
28 సెప్టెంబరు, రాత్రి 10:50

నిన్న ఇద్దరూ వచ్చారు. పిన్ని గారు కూర్చోకముందే చీర కుచ్చిళ్ళు దోపుకుని "బాత్రూం ఎటు" అన్నారు. మధ్యాహ్నం ఆవిడ మొదటిసారి నొక్కితే రాలేదు. రెండోసారీ రాలేదు. నేను చెయ్యి వేయబోతే, ఆగమని, బూరె చెవి దగ్గర ఏదో గొణుగుతూ అరచేతులు కాస్త వెనక్కి జరిపారు. వచ్చింది. ఆవిడ నా వైపు చూడలేదు కూడా, "ఇంకొంచెం ఉంది" అని మళ్ళీ నొక్కారు.

ఆ ఇంకొంచెం సంగతి నేనింకా చెప్పనే లేదు.

దసరా దాటాక ఐదో తారీఖు ఆదివారం తీసుకెళ్ళి దింపుతాను.

డాలస్ బావ
29 సెప్టెంబరు, ఉదయం 5:10

మా చిన్నదానికి చదివి వినిపించా. బండి ఎప్పుడు పంపాలని అడుగుతోంది. బాబాయ్, అడ్రసు ప్రైవేటుగా పంపండి.

జనగామ డిపో
12 అక్టోబరు, రాత్రి 9:50

వారం అయింది. మొదటి రెండు రోజులు తినలే. గేటు వైపే చూసింది. మూడో రోజు మా ఇంటామె పెరుగన్నంలో కొంచెం చేప పులుసు కలిపి పెట్టింది (తప్పైతే చెప్పండి డాక్టరు బాబూ), గిన్నె నాకింది.

నోటుబుక్కు పెట్టిన. బస్సుల టికెట్ల లెక్కకు ఎస్సార్ కాగితం రాసినట్టే టైము, ఎంత వచ్చింది, రంగు, అన్నీ రాస్తున్న. నిన్న మధ్యాహ్నం ట్రిప్పు 20 నిమిషాలు లేటు, పెళ్ళికి పోయినం.

సూదిమందు
12 అక్టోబరు, రాత్రి 10:15

పులుసు ఈ ఒక్కసారికి సరే బాబాయ్, ఉల్లిపాయ, వెల్లుల్లి మాత్రం కుక్కలకి పడవు, మానేయండి. ముళ్ళు చూసుకోండి. ఆ నోటుబుక్కు ఫోటో పంపుతారా, మా జూనియర్లకి చూపిస్తా.

మూడుకాళ్ళ చుక్క
16 అక్టోబరు, సాయంత్రం 7:30

చెకింగ్ అయింది. చెప్పకుండా వెళ్ళాను. తుంటి రెండు వైపులా తిప్పి చూశాను, ఎక్కడా ఎరుపు లేదు. పరుపు వాళ్ళ మంచం పక్కనే వేశారు. టీ ఇచ్చారు, చక్కెర ఎక్కువైంది. అంతకు మించి కంప్లయింటు లేదు.

మల్లెతీగ
21 అక్టోబరు, ఉదయం 9:15

నిన్న దీపావళికి ఎలా ఉందో అని రాత్రంతా టెన్షన్. పోయినేడు ఇంకా కాళ్ళున్నప్పుడు వీధిలో ఎటో పారిపోయి రెండు రోజులకి వచ్చింది. బాబాయ్, ఫోన్ ఎత్తలేదు?

జనగామ డిపో
21 అక్టోబరు, ఉదయం 10:40

ఫోను లోపల పెట్టి, తలుపులు మూసి, టీవీ పెద్దగా పెట్టి ముగ్గురం నడిమింట్ల కూచున్నం అమ్మా. కొంచెం వణికింది. మా ఇంటామె దుప్పటి కప్పి పట్టుకుంది. 9:30 ట్రిప్పు టపాకాయలకు బిగపట్టింది, 11:10కి వచ్చింది. రాసిన.

మీ పదిహేను రోజులు నిన్నటితో అయినయి. కాగితం చింపేస్తున్నం.

ఒక్క పంచాయితీ ఉన్నది. పొద్దున్నే మా ఇంటామె వాకిట్ల ముగ్గు వేస్తది. ఇది సరిగ్గా దాని మధ్యల నుంచే పాకి గేటు దాకా పోతది, పాలాయన వచ్చే టైముకు. ముగ్గు మీద రెండు కాళ్ళ గీతలు. నాలుగు రోజులు తిట్టింది. ఇయాల చూస్తే ముగ్గు ఎడమ పక్కకు జరిపి వేసింది, నడుమ తొవ్వ వదిలి.